ఒకే ఇంటి ఇద్దరు జమేదార్లు

1915 మార్చి 2 రాత్రి, ఉత్తర ఫ్రాన్స్‌లోని నవ్ షపెల్ దగ్గర, 58వ వాన్స్ రైఫిల్స్‌కి చెందిన మీర్ మస్త్ అనే జమేదారు తన కందకంలోంచి బయటికొచ్చి, డజనుకు పైగా అఫ్రిదీ సిపాయిల్ని వెంటేసుకుని, మధ్యలో ఉన్న నేల దాటి జర్మన్ల వైపు వెళ్ళిపోయాడు. దాడికి కాదు, వాళ్ళలో కలిసిపోవడానికి.

అదే ఏడాది ఏప్రిల్ 26 మధ్యాహ్నం, అక్కడికి ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో, బెల్జియంలోని ఈప్ర పట్టణం పక్కన వీల్‌టియ అనే పల్లె దగ్గర, మీర్ దస్త్ అనే మరో జమేదారు విషవాయువు మేఘంలో నిలబడి, ఆఫీసర్లంతా పడిపోయిన ఒక రెజిమెంట్‌ని చెదిరిపోకుండా పట్టుకున్నాడు. ఎనిమిది మంది బ్రిటిష్, భారతీయ ఆఫీసర్లను తూటాల మధ్యలోంచి సురక్షితమైన చోటికి మోయించడంలో తనూ చెయ్యేశాడు. అతనికి విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

ఇద్దరూ అన్నదమ్ములు.

మొదటి ప్రపంచ యుద్ధం గురించి చదివేవాళ్ళకి ఈ సంగతి ఎక్కడో ఒక చోట తగులుతుంది. ఫుట్‌నోట్‌గానో, "ఆసక్తికరమైన విషయం" గానో. చదివి ఔరా అనుకుని ముందుకెళ్ళిపోతాం. కానీ ఒక్క క్షణం ఆగితే ఇది ఫుట్‌నోట్‌లో ఇమిడే విషయం కాదని తెలుస్తుంది. శౌర్యం అనే మాటని మనం ఎవరి దగ్గర్నుంచి అరువు తెచ్చుకున్నాం, ఆ మాటకి అర్థం ఎవరు రాశారు అనే ప్రశ్న ఈ ఇంటి గుమ్మంలోనే కూర్చుని ఉంది.

*

మీర్ దస్త్ 1874లో తీరాలో పుట్టాడు. తీరా అంటే ఇప్పటి పాకిస్తాన్ వాయవ్య సరిహద్దులో, ఖైబర్ కనుమకి దక్షిణంగా ఉన్న కొండ ప్రాంతం. అందులో మైదాన్ అనే లోయ వీళ్ళది. అఫ్రిదీ పఠాన్ల నేల. ఇంకో విషయం గుర్తుంచుకోవాలి: ఆ నేల బ్రిటిష్ ఇండియాలో లేదు. బ్రిటిష్ పాలిత జిల్లాల సరిహద్దు అవతల, పన్ను కట్టని, కోర్టులు లేని, తెగ పెద్దల జిర్గా మాట మీద నడిచే చోటు అది. అంటే ఈ అన్నదమ్ములు చట్టం ప్రకారం బ్రిటిష్ ప్రజలు కూడా కారు. జీతానికి పనిచేసే పరాయి ప్రాంతం వాళ్ళు.

మీర్ దస్త్ 1894లో సైన్యంలో చేరాడు. సరిగ్గా మూడేళ్ళకి, 1897 చివర్లో, బ్రిటిష్ సైన్యం తీరా మీద దండెత్తింది. మైదాన్ లోయ దాకా వెళ్ళి, ఇళ్ళు తగలబెట్టి, నిలవున్న గింజల్ని ఎత్తుకుపోయి లేదా పాడుచేసి, చలికాలం మొదలయ్యే వేళకి వెనక్కొచ్చింది. తన ఉద్యోగదాత తన ఊరి మీద పడినప్పుడు ఒక యువ సిపాయి ఏమనుకుని ఉంటాడు? అతను మాత్రం ఉద్యోగం మానలేదు. 1908లో మొహ్మంద్ల మీద జరిగిన యుద్ధంలో, అంటే పక్క తెగ పఠాన్లతో పోరాడి, ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ తెచ్చుకున్నాడు.

మనకిది విడ్డూరంగా అనిపిస్తుంది. ఎందుకంటే మనం "దేశం" అనే పదాన్ని ముందు పెట్టుకుని వెనక్కి చూస్తాం. అప్పటి సరిహద్దు సిపాయికి ఆ పదం అందుబాటులో లేదు. అతనికి ఉన్నవి వేరే: ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదనే మాట, ఇజ్జత్, నెల జీతం, రిటైరయ్యాక పెన్షన్, ఊళ్ళో తన తుపాకీకీ తన మాటకీ దక్కే గౌరవం. కొండల్లో పంట చాలదు కాబట్టి ప్రతి ఇంటి నుంచీ ఒకరిద్దరు పటాలంలో చేరడం మామూలే.

ఇక్కడ మన తెలుగువాళ్ళ చరిత్ర కూడా ఒక మూల తగులుతుంది. ఉత్తరాదిలో ఒకప్పుడు కంపెనీ సిపాయికి "తిలంగా" అని పేరు. 1857 నాటి ఢిల్లీ కాగితాల్లో తిరగబడిన అవధ్, బీహార్ సిపాయిలను కూడా తిలంగాలు అనే రాశారు. కంపెనీ తొలినాళ్ళలో తెలుగు నేల నుంచి అంతమంది సిపాయిల్ని తీసుకుంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. అలాంటిది 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి అదే తెలుగువాళ్ళని "యుద్ధానికి పనికిరారు" అని పక్కన పెట్టేశారు. మద్రాసు సైన్యానికీ, ఆ తర్వాత మొత్తం భారత సైన్యానికీ అధిపతిగా చేసిన లార్డ్ రాబర్ట్స్ లాంటివాళ్ళు "యోధ జాతులు" అనే సిద్ధాంతం పట్టుకున్నారు. సిక్కులు, పఠాన్లు, గూర్ఖాలు, పంజాబీ ముస్లింలు పుట్టుకతోనే వీరులు. దక్షిణాది వాళ్ళు మెతక. ఒక వందేళ్ళ కిందట దేశమంతా సిపాయికి మారుపేరైన జనం, ఆ కాస్త కాలంలోనే రక్తంలో శౌర్యం పోగొట్టుకున్నారట! సిద్ధాంతం ఎంత డొల్లదో తెలుసుకోవడానికి వేరే పరిశోధన అక్కర్లేదు, ఆ ఒక్క మాట చాలు.

అంటే శౌర్యం ఎవరికి ఉంటుందో ముందే నిర్ణయించిన ఫారం ఒకటుంది. పఠాన్ ఆ ఫారంలో మొదటి వరసలో ఉన్నాడు. కాబట్టే మీర్ దస్త్, మీర్ మస్త్ ఇద్దరూ ఫ్రాన్స్ చేరారు. అన్నట్టు, ఆ రాబర్ట్స్ కూడా ఫ్రాన్స్ చేరాడు. 82 ఏళ్ళ వయసులో, 1914 నవంబర్‌లో, తనకిష్టమైన భారత సిపాయిల్ని చూడటానికి వచ్చి, న్యుమోనియా పట్టుకుని సేంట్ ఒమేర్‌లో చనిపోయాడు. ఆ చలిలోనే అతని "యోధ జాతులు" పలచటి నూలు బట్టల్లో కందకాల్లో ఉన్నాయి.

*

విక్టోరియా క్రాస్ 1856లో పుట్టింది. కానీ భారతీయ సిపాయిలకి అది దక్కే వీలు 1911 దాకా లేదు. ఆ ఏడాది డిసెంబర్‌లో ఢిల్లీ దర్బారులో ఐదవ జార్జి చక్రవర్తి ప్రకటించాడు, ఇకనుంచి వీళ్ళకీ ఇవ్వొచ్చని. అప్పటిదాకా సిపాయి ఎంత సాహసం చేసినా, అతనికి వేరే పతకం ఉండేది: 1837లో కంపెనీ పెట్టిన ఆర్డర్ ఆఫ్ మెరిట్. ఒకే కందకంలో, ఒకే తూటాకి ఎదురు నిలిచిన తెల్ల సైనికుడికి ఒక పతకం, నల్ల సైనికుడికి ఇంకో పతకం. యాభై ఏళ్ళకు పైగా శౌర్యానికి రెండు బీరువాలు.

యుద్ధం మొదలయ్యాక భారతీయుల్లో మొదటి విక్టోరియా క్రాస్ ఖుదాదాద్ ఖాన్‌కి వచ్చింది, 1914 అక్టోబర్ 31న హొల్లెబెకె దగ్గర చేసిన పోరాటానికి. తర్వాత నవంబర్‌లో ఫెస్టుబర్ దగ్గర దర్వాన్ సింగ్ నేగీకి. పోటీ పరీక్షలకి చదివేవాళ్ళు ఈ పేర్లు బట్టీ పడతారు. పేరు, సంవత్సరం, నాలుగు ఆప్షన్లలో ఒకటి. సమాధానం గుర్తుపెట్టుకుని మనిషిని వదిలేస్తాం.

ఏప్రిల్ 22న జర్మన్లు ఈప్ర దగ్గర క్లోరిన్ వాయువుని వదిలారు. పడమటి రణరంగంలో ఆ స్థాయిలో విషవాయువు వాడటం అదే మొదటిసారి. ఫ్రెంచి వాళ్ళ సైన్యంలోని అల్జీరియన్లు, వాళ్ళ పక్కనున్న వాళ్ళు ఆ పచ్చటి పొగ దెబ్బకి చెదిరిపోయారు. మైళ్ళ పొడుగున ముందు వరస ఖాళీ అయింది. ఆ ఖాళీని పూడ్చడానికి దక్షిణాన ఉన్న లాహోర్ డివిజన్‌ని నడిపించుకుంటూ తెచ్చారు. సరిగా నిద్ర లేదు, ఎదుట ఉన్న నేల తెలీదు.

26 మధ్యాహ్నం దాడి. ఎత్తు మీద జర్మన్లు, కింద ఆరుబయట వీళ్ళు. మొదట ఫిరంగి గుళ్ళు, మరతుపాకులు. ఆ తర్వాత గ్యాసు. అప్పటికి మాస్కులు లేవు. ఉన్న సలహా ఒకటే: జేబురుమాలో, తలపాగా కొసో మూత్రంలో తడిపి ముక్కుకి అడ్డం పెట్టుకోండి. క్లోరిన్ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే లోపలి తడితో కలిసి ఆమ్లం తయారవుతుంది. మనిషి నేల మీదే ఉంటాడు, కానీ మునిగిపోతాడు, తన ఒంట్లో ఊరిన నీళ్ళలోనే. ఆ కొన్ని రోజుల్లో లాహోర్ డివిజన్ దాదాపు నాలుగు వేల మందిని పోగొట్టుకుంది, చనిపోయినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ కలిపి.

మీర్ దస్త్ అసలు రెజిమెంట్ 55వ కోక్స్ రైఫిల్స్. ఇక్కడికి 57వ వైల్డ్స్ రైఫిల్స్‌కి అతికించి పంపారు. అంటే తన పక్కన ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి కలిసి బతికిన మనుషులు కూడా కారు. దాడిలో అతను తన ప్లటూన్‌ని ముందుకి నడిపించాడు. బ్రిటిష్ ఆఫీసర్లు ఒక్కొక్కరే పడిపోయారు. చెల్లాచెదురైన గుంపుల్ని ఏరి ఒక చోట చేర్చి, వెనక్కి రమ్మని ఆజ్ఞ వచ్చే దాకా నిలబెట్టాడు. తర్వాత గాయపడ్డ ఆ ఎనిమిది మందిని మోయించడం. అతనికీ గాయాలయ్యాయి, చేతి వేళ్ళు పనికిరాకుండా పోయాయి, గ్యాసు ఒంట్లో దిగింది.

గెజెట్‌లో పడిన ప్రశంసాపత్రం కొద్ది వాక్యాలే. చదివితే ఒక విషయం తడుతుంది. ఇందులో అతను శత్రువుని చంపిన మాట లేదు. ఎంతమందిని పడగొట్టాడో లేదు. విడిపోయినవాళ్ళని కలిపాడు, మోసుకొచ్చాడు. ఆ రోజు గెలుపు లేదు, ఎత్తు దక్కలేదు. ఓడిపోయిన మధ్యాహ్నంలో మిగిలినవాళ్ళని మిగిల్చుకున్నందుకు వచ్చిన పతకం అది. యుద్ధ వీరుడు అనగానే మన సినిమాలు చూపించే బొమ్మకి, దీనికి ఎంత దూరమో!

*

గాయపడ్డ మీర్ దస్త్‌ని ఇంగ్లండ్‌లో బ్రైటన్‌కి చేర్చారు. సముద్రపు ఒడ్డున ఉన్న రాయల్ పెవిలియన్ అప్పుడు భారతీయ సైనికుల ఆస్పత్రి. ఆ భవనం బయటికి మొగలుల కట్టడంలా గుమ్మటాలతో ఉంటుంది. నాలుగో జార్జి యువరాజుగా ఉన్నప్పుడు మొదలుపెట్టి సరదాకి కట్టించుకున్న విలాసం. ఇండియా ముఖం ఎరగని వాళ్ళు ఊహించి కట్టిన ఇండియాలో, అసలు ఇండియా మనుషుల్ని మంచాల మీద పడుకోబెట్టారు. హిందువులకీ ముస్లింలకీ వేర్వేరు వంటిళ్ళు, వేర్వేరు నీళ్ళ కుళాయిలు. ఇవన్నీ ఫొటోలు తీసి ఇండియాలో పంచారు. ఆ ఫొటోల వెనక ఇంకో సంగతి: రోగులు ఊళ్ళోకి ఇష్టమొచ్చినట్టు తిరగడానికి లేదు, తెల్ల నర్సులు వాళ్ళని ముట్టుకుని సేవ చేయడం మీద అధికారులకి బోలెడు అభ్యంతరాలు.

1915 ఆగస్టు 25న ఐదవ జార్జి స్వయంగా వచ్చి, పెవిలియన్ పచ్చికలో మీర్ దస్త్‌కి విక్టోరియా క్రాస్ తగిలించాడు. ఫొటోలున్నాయి.

ఆ పతకం గురించి మీర్ దస్త్ ఏమనుకున్నాడో మనకి కొద్దిగా తెలుసు. అదే వేసవిలో అతను తన రెజిమెంట్‌లోని ఒక స్నేహితుడికి ఉత్తరం రాయించాడు. విక్టోరియా క్రాస్ వచ్చింది, చాలా గొప్ప విషయమే అంటాడు. ఆ వెంటనే, ఈ గ్యాసు మాత్రం తనని నిమ్మళంగా ఉండనివ్వట్లేదని, తన పని అయిపోయిందనీ అంటాడు. సొంత గౌరవం గురించి చెప్పే వాక్యం పక్కనే, ఆ గౌరవం అతని ఊపిరితిత్తుల్ని బాగుచేయలేదన్న వాక్యం. నాకు తెలిసి యుద్ధ పతకాల గురించి ఇంత క్లుప్తంగా, ఇంత నిజాయితీగా ఎవరూ చెప్పలేదు. అతను వ్యంగ్యం చెయ్యట్లేదు. పతకాన్ని తీసిపారేయట్లేదు. రెండూ నిజమే అంటున్నాడు.

ఇంకో కబురు కూడా ఆ రోజుల్లో బ్రైటన్ నుంచి వెళ్ళిన సిపాయిల ఉత్తరాల్లో చక్కర్లు కొట్టింది. రాజు ఎదుట నిలబడ్డ మీర్ దస్త్, తనకోసం ఏమీ అడగకుండా, ఒక్కసారి గాయపడి కోలుకున్నవాణ్ణి మళ్ళీ యుద్ధానికి పంపొద్దని విన్నవించుకున్నాడట. ఆ విన్నపం వెనక ఉన్న బాధ మాత్రం వందల ఉత్తరాల్లో ఉంది. ఊళ్ళో అనుకున్న ఒప్పందం ఏంటంటే, గాయపడితే ఇంటికి పంపుతారు. ఇక్కడ మాత్రం కుట్లు ఆరగానే మళ్ళీ కందకం. మూడోసారి కూడా. చచ్చేదాకా పంపుతూనే ఉంటారని సిపాయిలకి అర్థమైపోయింది.

ఆలోచించి చూస్తే, ఆ విన్నపం వీల్‌టియ దగ్గర అతను చేసిన పనికి కొనసాగింపే. అక్కడ ఎనిమిది మందిని మోశాడు. ఇక్కడ మంచాల్లో ఉన్నవాళ్ళందరినీ మాటతో మోయాలని చూశాడు. మొదటిదానికి పతకం ఇచ్చారు. రెండోదానికి గెజెట్‌లో చోటు లేదు. ఆ ఏడాది చివరికి భారత పదాతి దళాల్ని ఫ్రాన్స్ నుంచి తీసేశారు, నిజమే. తీసేసి మెసపొటేమియా పంపారు. లాహోర్ డివిజన్‌లో మిగిలినవాళ్ళు కుత్ ముట్టడిని విడిపించే ప్రయత్నాల్లో, టైగ్రిస్ నది బురదలో మళ్ళీ చచ్చారు.

*

ఈ ఉత్తరాలు మనకెలా దక్కాయి అనేది కూడా ఈ కథలో భాగమే. సిపాయిల్లో చాలామందికి చదువు రాదు. చెప్పింది రాసిపెట్టేవాడు ఒకడు కావాలి. రాసింది రెజిమెంట్‌లో ఒకసారి చూస్తారు. తర్వాత బులోన్‌లోని సెన్సారు ఆఫీసు. అక్కడ హోవెల్ అనే ఐసీఎస్ అధికారి కింద కొద్దిమంది, ఉర్దూ, గురుముఖీ, పష్తో ఉత్తరాల్లో కొన్నింటిని ఏరి, ఇంగ్లీషులోకి మార్చి, సిపాయిల మనసెలా ఉందో పైవాళ్ళకి వారం వారం నివేదిక పంపేవాళ్ళు. మూలాలు దాదాపుగా పోయాయి. మిగిలింది ఆ నివేదికల్లోని ఇంగ్లీషు ముక్కలు.

నా వృత్తి భాషలో చెప్పాలంటే, అసలు డేటా డిలీట్ అయిపోయి, నిఘా కోసం తీసిన లాగ్స్ మాత్రం మిగిలాయి. చెప్పినవాడు, రాసినవాడు, చదివినవాడు, అనువదించినవాడు: నాలుగు చేతులు మారాక మనకి మీర్ దస్త్ గొంతు వినపడుతోంది. పైగా చెప్పేవాడికి తెలుసు, మధ్యలో ఎవడో చదువుతున్నాడని. అందుకే గూఢంగా రాసేవాళ్ళు. నల్ల మిరియాలు అయిపోతున్నాయి, ఎర్ర మిరప మాత్రం ఎప్పుడో ఒకసారి వాడుతున్నారు అని రాస్తే, నల్లవాళ్ళని ముందుకి తోస్తున్నారు, తెల్లవాళ్ళని దాచుకుంటున్నారు అని అర్థం. సెన్సారు వాళ్ళకి ఆ మిరియాల సంగతి చప్పున తెలిసిపోయింది, అది వేరే విషయం.

సాహిత్యం ఈ ముక్కల మీద కూడా చెయ్యేసింది. ఆ సెన్సారు చేసిన ఉత్తరాలు కొన్ని కిప్లింగ్ చేతికి చేరాయి. వాటి ఆధారంగా సిపాయిల గొంతుతో కల్పిత ఉత్తరాలు రాసి "ద ఐస్ ఆఫ్ ఏషియా" గా అచ్చేశాడు. నాలుగు చేతులు చాలవన్నట్టు ఐదోది. అందులో సిపాయిలు పరాయి దేశాన్ని చూసి అబ్బురపడతారు, ప్రభువుల పట్ల విశ్వాసంగా ఉంటారు. మిరియాల చేదు వడకట్టేశాక మిగిలిన టీ అది.

*

ఇక తమ్ముడు. (పెద్దా చిన్నా తేడా నా వాడుకే, పతకం వచ్చినవాణ్ణి అన్నగా ఊహించుకోవడం మన అలవాటు కదా.) మీర్ మస్త్ ఎందుకు వెళ్ళిపోయాడు?

కారణాలు చుట్టూ గాలిలో ఉన్నాయి. 1914 నవంబర్‌లో టర్కీ సుల్తాన్ జర్మనీ పక్షాన జిహాద్ ప్రకటించాడు. జర్మన్లు ఆ పిలుపుని భారతీయ భాషల్లో కరపత్రాలుగా వేసి కందకాల మీద వెదజల్లారు. 1915 ఫిబ్రవరిలో సింగపూర్‌లో ఒక భారత రెజిమెంట్ తిరగబడింది. దాన్ని అణిచాక 47 మందిని అందరూ చూస్తుండగా గోడ ముందు నిలబెట్టి కాల్చారు. పైగా ఆ చలి, ఆ బురద, అంతులేని చావులు, గాయపడినా ఇంటికి పంపరనే భయం. ఇవన్నీ అన్నదమ్ములిద్దరికీ ఒకటే. 1897లో కాలిన లోయ కూడా ఒకటే.

మీర్ మస్త్ జర్మనీలో, బెర్లిన్ దగ్గరి వూన్స్‌డోర్ఫ్ శిబిరం లోకానికి చేరాడు. ముస్లిం ఖైదీల కోసం కట్టిన ఆ "అర్ధచంద్ర శిబిరం"లో జర్మన్లు ఒక చెక్క మసీదు కూడా కట్టారు. వేర్వేరు వంటిళ్ళు ఇక్కడ కూడా. ఫొటోలు తీసి పంచడం ఇక్కడ కూడా. బ్రైటన్‌లో గుమ్మటాలు, వూన్స్‌డోర్ఫ్‌లో మినార్. రెండు సామ్రాజ్యాలూ సిపాయికి తన ఇంటి బొమ్మ కట్టి చూపించి, బదులుగా అతని ప్రాణం అడిగాయి.

అక్కణ్ణుంచి అతను అఫ్ఘనిస్తాన్‌ని యుద్ధంలోకి లాగడానికి జర్మన్లు పంపిన బృందంతో తూర్పుకి బయల్దేరాడు. రాజా మహేంద్ర ప్రతాప్, బర్కతుల్లా లాంటి విప్లవకారులు ఆ బృందంలో ఉన్నారు. 1915 అక్టోబర్‌లో కాబూల్ చేరి, డిసెంబర్ 1న అక్కడే తాత్కాలిక భారత ప్రభుత్వం ప్రకటించారు. అమీర్ హబీబుల్లా మాత్రం అటూ ఇటూ తేల్చకుండా కాలం గడిపాడు. బృందం విఫలమై 1916లో చెదిరిపోయింది. మీర్ మస్త్ తన తీరాకి వెళ్ళిపోయాడు. ప్రపంచం సగం చుట్టి ఇంటికి.

ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌లో మీర్ మస్త్ నోట్‌బుక్ ఒకటుంది. శంతను దాస్ భారత సైనికుల మీద రాసిన పుస్తకంలో దాని గురించి వివరంగా చెప్తాడు. అందులో రోజువారీ ఇంగ్లీషు మాటలు, వాటికి ఉర్దూలో అర్థాలు. తన కొండల వైపు దారులు గీసుకున్న పటం. అది ద్రోహి డైరీ కాదు, స్వాతంత్ర్య యోధుడి డైరీ కూడా కాదు. కొత్త భాష నేర్చుకుంటూ, ఇంటికి దారి గుర్తుపెట్టుకుంటున్న మనిషిది.

కైజర్ మీర్ మస్త్‌కి ఐరన్ క్రాస్ ఇచ్చాడని ఒక కథ ఇప్పటికీ తిరుగుతుంటుంది. గట్టి ఆధారం లేదు. కానీ ఆ కథ ఎందుకంత తేలిగ్గా పాకిందో అర్థమవుతుంది. అన్నకి ఒక రాజు పతకమిస్తే, తమ్ముడికి ఇంకో రాజు ఇచ్చి తీరాలి. అప్పుడే లెక్క సరిపోతుంది. పతకం లేని ధైర్యాన్ని ఊహించడం మనకి అంత కష్టం.

*

ఈ ఇద్దర్నీ చదివే తీరు రెండు రకాలుగా ఉంటుంది. బ్రిటన్‌లో జరిగే సంస్మరణల్లో మీర్ దస్త్ మెరుస్తాడు, మీర్ మస్త్ కనపడడు. జాతీయవాద చదువులో తారుమారు: మీర్ మస్త్ తొలి తిరుగుబాటుదారు, మీర్ దస్త్ తెల్లవాళ్ళ బంటు. రెండు చదువులూ ఒకే పని చేస్తాయి. ఒక అన్నదమ్ముణ్ణి ఇంట్లోంచి గెంటేస్తాయి.

మీర్ మస్త్ వెళ్ళిపోవడానికి కూడా గుండె కావాలి. రెండు వైపుల తుపాకుల మధ్య, చీకట్లో, ఏళ్ళ నాటి అలవాట్లని వదిలేసి నడవాలి. అయితే అలా అనేసి అతణ్ణి దేశభక్తుణ్ణి చేసేయడం కూడా కుదరదు. తన వెనకున్న కందకాల గురించి జర్మన్లకి చెప్తే అక్కడ చచ్చేది నిన్నటిదాకా తనతో రొట్టె పంచుకున్నవాళ్ళే. ఆ తర్వాతి వారంలోనే, మార్చి 10న, నవ్ షపెల్ యుద్ధం మొదలైంది. ఇప్పుడు అదే చోట, పడమటి రణరంగంలో పోరాడి సమాధి కూడా దక్కని భారతీయుల పేర్లు 4,700కి పైగా రాతి మీద చెక్కి ఉన్నాయి. మొత్తం యుద్ధంలో పోయినవాళ్ళు 74 వేలకి పైగా. ఆ అంకెల ముందు ఎవరిది న్యాయం అని తేల్చడానికి నాకు నోరు రాదు.

యుద్ధం జరుగుతుండగానే, 1915లో, హిందీలో చంద్రధర్ శర్మ గులేరీ "ఉస్‌నే కహా థా" కథ రాశాడు. ఫ్రాన్స్ కందకాల్లో లెహనా సింగ్ అనే జమేదారు. అతని సాహసం రాజు కోసం కాదు, దేశం కోసం కాదు. చిన్నప్పుడు అమృత్‌సర్ బజారులో పరిచయమైన ఒకామె, ఇప్పుడు సుబేదారు భార్య, నా భర్తనీ కొడుకునీ కాపాడమని అడిగింది. ఆ మాట కోసం ప్రాణమిచ్చాడు. కథ చివర అతని చావు వార్త పత్రికలో ఒక పొడి వాక్యంగా పడుతుంది, అంతే. సైనికుడి ధైర్యానికి అసలు కారణం గెజెట్‌కి ఎప్పటికీ తెలీదని, యుద్ధం మధ్యలోనే, వేల మైళ్ళ దూరంలో ఉన్న ఒక రచయితకి తట్టింది. పాతికేళ్ళ తర్వాత ముల్క్ రాజ్ ఆనంద్ "అక్రాస్ ద బ్లాక్ వాటర్స్"లో ఒక పంజాబీ రైతు కుర్రాణ్ణి అదే ఫ్రాన్స్‌కి పంపి, పోయిన పొలం కోసం సైన్యంలో చేరినవాడి కళ్ళతో ఆ యుద్ధాన్ని చూపించాడు. ఇద్దరూ చేసింది ఒకటే. పతకం వెనక ఉన్న మనిషికి తన సొంత కారణాన్ని తిరిగిచ్చారు.

ఇదంతా వందేళ్ళ కిందటి సరిహద్దు పఠాన్ల గొడవ, మనకెందుకు అనిపించొచ్చు. కానీ మన ఊళ్ళ కూడళ్ళలో సైనికుల విగ్రహాలు లేస్తూనే ఉన్నాయి. ప్రతి యుద్ధం తర్వాతా, ప్రతి సరిహద్దు ఘర్షణ తర్వాతా, ఫోన్లలో ఒకే రకం వాక్యాలు తిరుగుతాయి. వాటిలో సైనికుడు ఎప్పుడూ సంతోషంగానే చనిపోతాడు. బతికొచ్చినవాడి గురించి, వాడి నిద్ర గురించి, దగ్గు గురించి వాక్యాలుండవు. చనిపోయిన వీరుడు మనల్ని ఏమీ అడగడు కదా. బతికున్నవాడితోనే ఇబ్బంది, వాడు అడుగుతాడు.

మీర్ దస్త్ బతికాడు. సుబేదారు అయ్యాడు. ఊపిరి ఆడని ఛాతీతో ఇంకో ముప్పై ఏళ్ళు ఉండి, 1945 జనవరిలో, రెండో ప్రపంచ యుద్ధం కూడా ముగియబోతుండగా పెషావర్ జిల్లాలో చనిపోయాడు. ఈసారి ఆ జిల్లాల నుంచి మళ్ళీ కుర్రాళ్ళు వెళ్ళారు, మళ్ళీ పతకాలు వచ్చాయి.

అతని పేరు గుర్తుపెట్టుకోవాలంటే నేనైతే ఏప్రిల్ 26తో పాటు ఆగస్టు 25 కూడా గుర్తుపెట్టుకుంటాను. చక్రవర్తి ఎదురుగా నిలబడినప్పుడు ఛాతీ మీద పతకం పెట్టించుకున్న సిపాయిలు చాలామంది. సాటివాళ్ళని మళ్ళీ పంపొద్దని అడిగినవాడిగా తోటి సిపాయిలు తమ ఉత్తరాల్లో చెప్పుకున్నది ఇతని గురించే.